లోపలి గోడ

ఉత్తర భారతమున దీపావళికి ముందు ఇండ్లకు వెల్ల వేయుట చిరకాలాచారము. వానకాలపు చెమ్మకు మరకలు పడిన గోడలు మరల తెల్లబడును. ఒట్టి సున్నము రుచింపనివారు దానియందు కొంచెము నీలిమందు కలుపుదురు. లేదా రామరజమను పసుపుమన్ను కలుపుదురు. రెండును కంటికి ఇంపైనవే. అయినను ఈ రెంటిలో ఏది యను ప్రశ్న పెక్కిండ్ల రెండుమూడు దినములకును తెగదు. పొలము బేరమును గడియలో తేల్చు గృహస్థుడు గోడ యెదుట తడబడును. (నేడు డబ్బాలలో వచ్చు వన్నెలు వందలకొలదిగ నున్నవి, చిక్కు హెచ్చినదే గాని తగ్గలేదు.)

ఇట్టి తడబాటును నవ్వి త్రోసివేయుట సులభము. ప్రాచీన మీమాంసకులు మాత్రము సమానమైన రెంటి నడుమ ఎన్నికను నవ్వులాటగా నెంచలేదు. వ్రీహులతో యాగము చేయవచ్చును, యవలతోను చేయవచ్చును. రెండు విధులును ప్రమాణములే. కాని ఒకదానిని గ్రహించునపుడు రెండవదాని ప్రామాణ్యమును లేనట్లు భావింపవలయును. మరియొకనాడు దానినే గ్రహించినచో, త్రోసిపుచ్చినదానికే మరల పట్టము కట్టవలయును. ఇట్లు లెక్కించి వారు వికల్పమునకు ఎనిమిది దోషములు చూపిరి. వేరు గతి యున్నంతవరకు దాని జోలికి పోరాదనిరి. ఏ విధి ఎవరికి, ఏ తావున చెల్లునో వేరుపరచుటయే ఆ గతి.

గోడ విషయమున అట్లు వేరుపరచి చూచినచో, రంగుకంటె ముందు మనుష్యుడు కనబడును. తడిసిన పూత ముదురుగా కన్పట్టి, ఆరినపిదప తేలిపోవును. వెలుతురు చాలని గదిలో లేతనీలము బూడిదవన్నెకు దిగును. లాంతరు వెలుగున లేతపసుపు తెలుపునుండి వేరుగా తోపదు. వాకిట పగటివెలుగున నిలిచి ఎన్నుకొన్నవాడు ఉదయమే అంగడికి పోయి చీకటిపడి వచ్చును. ఆ గోడల నడుమ పగలెల్ల గడపునది ఇల్లాలు, మంచము పట్టిన ముసలితల్లి. వార్ధక్యమున కంటి కటకము పసుపువారుటచే నీలము మందగించి తోచునని వైద్యులు చెప్పుదురు. అట్లని ఆమెకు పసుపే తగునని కుమారుడు తీర్మానించుటయు తొందరపాటే. ఆమెకు నీలమే ఇష్టము కావచ్చును. అడిగినగాని తెలియదు.

బయటి గోడ మాట వేరు. 1876లో వేల్సు రాకుమారుని రాకకై మహారాజా సవాయి రామసింగు జయపురపు వీథులకు గేరువన్నె పూయించెను. అతిథి వెడలిపోయెను, రంగు నిలిచినది, నేటికిని పాతనగరమున అదియే గుర్తు. వీథి గోడ చూచువారి సొమ్మనుట న్యాయమే కావచ్చును. లోపలి గోడకు అట్టి రాకుమారుడెవడును లేడు. అయినను ముందుగదికి రంగు నెన్నునపుడు నెలకొకమారు వచ్చు బంధువు మనసున మెదలును. వంటయింటికి మిగిలిన సున్నము పూయుదురు.

ఇన్నాళ్ళకు అడిగినను ఇల్లాలు “మీ యిష్టము” అనును. ఏండ్లతరబడి ఎవరును అడుగనివారికి ఇష్టమును చెప్పు అలవాటు తప్పిపోవును. దానిని అంగీకారముగా నెంచి కుంచె ముంచుట అన్యాయము. గోడపై చేయి వెడల్పున రెండు వన్నెలను పక్కపక్కన పూసి, ఆరనిచ్చి, నాలుగు దినములు ఆమె యెదుట నుంచవచ్చును. ఈలోపల వెల్ల వేయువాడు ముందుగది ముగించుకొనును.