భైరవకోనకు ఒక పగలు

ప్రత్తి తొలితీత ముగిసి, మిరపకల్లముల పని యింకను ఆరంభము కాని కార్తీకమాసపు విరామమందు, పిన్నలతోను పెద్దలతోను కూడి యొక పగలు గడపదగిన చోటు మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే కలదు. చంద్రశేఖరపురం మండలమున, నల్లమల కొండల నడుమ, ఎనిమిది శివాలయములను కొండరాతియందే తొలిచిన భైరవకోనలో, వానకారు నీటితో నిండిన జలపాతము రమారమి 200 అడుగుల యెత్తునుండి దూకుచుండును. వేసవిని ఆ ధార సన్నగిల్లును గావున ఆలస్యము తగదు.

నడువవలసిన దూరమును ఇంటిలోని పసివాని అడుగులను, ముసలమ్మ మోకాళ్లను తలచి నిర్ణయింపవలెను గాని యువకుల ఉత్సాహమును బట్టి కాదు. ఈ విషయమున నాకు గట్టి పట్టుదల కలదు. తొలికోడి కూతకే లేచి, పులిహోర, దధ్యోదనము, త్రాగునీరు సిద్ధపరచుకొనుడు. పాచిపట్టిన బండలపై కాలు జారును గనుక బిడ్డల చేయి విడువరాదు. కోనలో చినుకు లేకున్నను, ఎగువ కొండపై కురిసిన వాన వాగును హఠాత్తుగా పోటెత్తించును. మేఘము కమ్మిన తోడనే నీటినుండి వెలుపలికి రావలెను. నడువలేని నాయనమ్మ గుహాలయముల నీడను కూర్చుండి, రాతిలో చెక్కిన ద్వారపాలకులను మనుమలకు చూపవచ్చును. భుజించిన విస్తళ్లను అచట విడువక మూటగట్టుకొని, ప్రొద్దు వాలకమునుపే తిరుగుదారి పట్టుడు.