తాళము తప్పిన భజన

మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరికి ఆవలి ఒడ్డున గోదావరిఖని. ఈ బొగ్గుగనుల సీమలో దినము మూడు షిఫ్టులుగా పంచబడి యున్నది. గనిలో పనిచేయు భక్తుడు సోమవారపు భజనకు ఒక వారము అందరికంటె ముందు రాగలడు. మరొక వారము మంగళహారతి వేళకు గాని రాలేడు. అలసిన చేతితో అతడు తాళములు పట్టిన, లెక్క తప్పవచ్చును. అట్టివాని చేతినుండి తాళములు తీసికొనుట ధర్మమా? శివుడు భావమునే చూచునని ఊరకుండుట ధర్మమా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, పదిమంది కలిసి చేయు ప్రతి పనికిని ఇది మూలప్రశ్న.

ముందుగా తాళమనగా ఏమో తెలియవలెను. రెండు దెబ్బల నడుమ కాలము సమముగా నుండుట లయ. అట్టి దెబ్బలను గుంపులుగా లెక్కించుట తాళము. లఘువు ఒక దెబ్బతో మొదలై వ్రేళ్ల లెక్కతో సాగును. ద్రుతము ఒక దెబ్బ, ఒక విసురు. ఆదితాళమున లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు నాలుగు, వెరసి ఎనిమిది అక్షరములు. లఘువునకు మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అని అయిదు జాతులు గలవు గనుక, ఏడు తాళములు ముప్పదియైదగును.

మొత్తము ఒక్కటియైనంత మాత్రమున నడక ఒక్కటి కాదు. పాశ్చాత్యులు తమ స్వరలిపి మొదట రెండంకెలను ఒకదానిపై నొకటి వ్రాయుదురు. అది చూపునకు భిన్నమువలె నుండును గాని భిన్నము కాదు. పై అంకె ఒక ఆవృత్తములోని లెక్కను, క్రింది అంకె ఏ ప్రమాణపు స్వరమును లెక్కింపవలెనో తెలుపును. 4పై 3 అన్నను, 8పై 6 అన్నను కాలము ఒక్కటే. ఆరు చిన్న స్వరములే పట్టును. కాని మొదటిది రెండేసిగా మూడు గుంపులు, రెండవది మూడేసిగా రెండు గుంపులు. మద్దెల వాయించువాడు దీనినే నోటితో చెప్పును. తకిట మూడు, తకధిమి నాలుగు, రెండును కలిసిన ఏడు. పాల్కురికి సోమనాథుడు బసవరగడ రచించెను. ఆ రగడల జాతిలో తురగవల్గనము మూడు మాత్రల గణములతోను, మధురగతి నాలుగింటితోను, వృషభగతి మూడును నాలుగును కలిసిన ఏడింటితోను నడచును.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. తాళమానములు తనకు తెలియవనియు, ప్రీతి కొలదియే పాడుదుననియు బసవేశ్వరుడే ఒక వచనమున కూడలసంగమదేవునితో విన్నవించుకొనెను గదా! ఆయన వచనములు ఛందస్సునకు కట్టుబడినవియు కావు. మరి ఆయన చరితమును తెలుగున పాడిన సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను, అనగా లెక్కగల పద్యమును ఏల గైకొనెను?

ఈ రెంటికిని విరోధము లేదు. బసవేశ్వరుని మాట విద్యాగర్వమును తొలగించునది. శాస్త్రము రాని వానికి శివుడు దూరము కాడని అది అభయమిచ్చును. సోమనాథుని ద్విపద, అక్షరము రాని వాడును పదిమందితో గొంతు కలుపుటకు త్రోవ చూపును. ఒంటరిగా మొరపెట్టుకొనువానికి తాళముతో పనిలేదు. పదిగొంతులు ఒక్కటి కావలెనన్న, అందరికిని సమమైన కొలత ఒకటి ఉండి తీరవలెను. ఆ కొలత లేనిచో గట్టిగొంతు గలవాడే తాళమగును. మెల్లని గొంతులు అణగిపోవును.

అయితే ఆ కొలత కఠినమైనదా? ద్విపదనే పరిశీలింతము. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. ఇంద్రగణములలో నలము, భగణము నాలుగేసి మాత్రలు. నగము, సలము, రగణము, తగణము అయిదేసి. సూర్యగణము మూడు మాత్రలే. కాగితముపై చూచిన ఈ గణములు హెచ్చుతగ్గులుగానే యున్నవి. పాడునపుడు మాత్రము నడక చెడదు. నాలుగు మాత్రల గణమును గాయకుడు కొంత సాగదీసి అయిదింటితో సరిచేయును. పాదాంతమందలి మూడు మాత్రల గణమును అట్లే నిలిపి నింపును. కురుచయైన గణమును ఎవ్వరును పాదమునుండి తీసివేయరు. కొరతను గొంతు పూరించును. అయిదు దాటిన గణమునకు మాత్రము అచ్చట చోటు లేదు. తక్కువను నింపవచ్చును గాని, మించిన దానిని మ్రింగుట సాధ్యము కాదు.

మండలికిని ఇదియే న్యాయము. అలసట చేత వెనుకబడినవాడు కురుచగణము వంటివాడు. తోడివారు నింపిన అతడు పాటలో ఇముడును. తన నేర్పు చూపుటకై వేగము పెంచువాడు మించిన గణము వంటివాడు. భజన సాగినకొలది ఉత్సాహముతో లయ పరుగెత్తుట అనుభవజ్ఞులు ఎరిగినదే. అప్పుడు ముసలివారికిని పిల్లలకును ఊపిరి అందదు. వారొక్కొక్కరే పాట మాని చప్పట్లకు పరిమితులగుదురు. లెక్క తెలిసినవాడే వారిని వెడలగొట్టినట్లగును.

కనుక తాళములు స్థిరమైన చేతిలో ఉండుట మేలు. పాట మాత్రము అందరి నోట ఉండవలెను. ఆలస్యముగా వచ్చిన వాడు కొన్ని ఆవృత్తములు వ్రేళ్లతో లెక్కించి, నడక పట్టుబడిన పిమ్మట గొంతు కలుపవలెను. తాళము మొదలైన తరువాత ఎత్తుకొను పాటలును శాస్త్రమునందు కలవు. లెక్క కుదిరిన చాలును. సెలవుదినమున, లెక్క తెలిసినవాడు అతని ప్రక్కన కూర్చుండి నేర్పవలెను. నేర్పక నవ్వువానికి తాళము తెలియును గాని, అది ఎందులకో తెలియదు. అందరికంటె మెల్లగా పాడువానికి ఊపిరి అందునట్లు లయను నిలిపిన మండలియే తాళము తప్పని మండలి.