వెళ్ళిపోయేవాళ్ళమేగా!

"వెళ్ళిపోయేవాళ్ళమేగా, ఇప్పుడదెందుకు?"

ఈ మాట మా వారు రోజుకి నాలుగుసార్లయినా అంటారు. ఆయన్నని ఏం లాభం? నేనూ అంటూనే ఉన్నాను. జర్మనీలో ఈ స్టుట్‌గార్ట్ నగరానికి మేం వచ్చింది పది నెలల కోసం. మా వారి కంపెనీ పని పూర్తికాగానే మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోతాం. అంచేత ఒక మూకుడు, రెండు గిన్నెలు, మూడు కంచాలు... అంతే మా కాపురం! గోడకి ఒక్క మేకు కొట్టలేదు. సూట్‌కేసుల్లో బట్టలు సూట్‌కేసుల్లోనే ఉన్నాయి. పోపులడబ్బా కొనడానికి మనసొప్పక, ఖాళీ జామ్ సీసాల్లో ఆవాలూ జీలకర్రా పోసుకున్నాను.

ఇక్కడ ఇల్లు చేరిన రెండు వారాల్లోగా నగర కార్యాలయానికి వెళ్ళి, ఫలానా ఇంట్లో ఉంటున్నామని నమోదు చేయించుకోవాలి. వీధి గుమ్మం దగ్గర గంట మీటల పక్కన మన పేరు పెట్టుకోవాలి. అది లేకపోతే ఉత్తరాలు రావు. రెండూ చేశాం. చట్టం లెక్కన ఊరివాళ్ళమయ్యాం. నా మనసు మాత్రం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద పెట్టెల పక్కన కూర్చున్నట్టే ఉండేది.

అలా ఉండగా ఒక శనివారం సాయంత్రం మా తలుపు పిడికి చిన్న చెక్కపలక వేలాడుతూ కనిపించింది. దానిమీద ఏదో జర్మన్ మాట. కూడబలుక్కుని చదివితే "కేర్‌వోఖె". అంటే ఊడ్చే వారమట! నాలుగు కుటుంబాలున్న ఇంట్లో ఒక్కో వారం ఒక్కొక్కరు మెట్లు ఊడ్చి తుడవాలి. ఇంటి ముందు కాలిబాట శుభ్రం చెయ్యాలి. చలికాలమైతే మంచు కూడా తొయ్యాలి. పలక ఎవరి తలుపుకుంటే వంతు వాళ్ళది. పని అయ్యాక దాన్ని పక్కవాళ్ళ తలుపుకి తగిలించాలి. ఈ ప్రాంతంలో ఇది పాత ఆచారం. ఇంటి చెత్త వారం వారం ఎవరిది వాళ్ళు ఎత్తిపోయాలని 1492 నాటి నగర శాసనంలోనే ఉందట. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ పాత పద్ధతే.

"అద్దె కడుతున్నాం కదా, మెట్లు మనం తుడవడమేమిటి?" అన్నారు మా వారు.

నాకూ మనసు చివుక్కుమంది. హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ మెట్లు ఏనాడైనా తుడిచానా? వాచ్‌మన్ భార్య తుడుస్తుంది. పదేళ్ళనించీ తుడుస్తోంది. ఇప్పుడెవరైనా ఆవిడ పేరేమిటని అడిగితే తడుముకుంటాను!

రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దామని వారమంతా గడిపేశాను. పది నెలలుండే మనుషులకి పదిహేనోసారి చెప్పేవాళ్ళెవరులే అని లోపల ఓ ధీమా. మళ్ళీ శనివారం వచ్చింది. పొద్దున్నే బయట చీపురు చప్పుడైంది. తలుపు తీశాను. ఎదురింటి పెద్దావిడ! డెబ్భై అయిదేళ్ళు దాటి ఉంటాయి. మోకాలికి పట్టీ కట్టుకుని, ఒక చేత్తో కటకటా పట్టుకుని, మా వంతు మెట్లు తుడుస్తోంది.

గబగబా వెళ్ళి చీపురందుకోబోయాను. ఆవిడ నవ్వి "గ్రూస్ గాట్" అంది. ఇక్కడివాళ్ళు నమస్కారానికి బదులు అనే మాట. తరవాత చేత్తో 'పరవాలేదులే' అన్నట్టు సైగ చేసి, మా తలుపుకున్న పలక తీసుకెళ్ళి తన తలుపుకి తగిలించుకుంది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది!

ఆ రాత్రి నాకు అమ్మ గుర్తొచ్చింది. నాన్నది ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం. సాగర్, శ్రీశైలం, పోచంపాడు... ఎక్కడా మూడేళ్ళు నిలకడగా ఉన్నది లేదు. అమ్మ పెళ్ళికి వచ్చిన పన్నెండు పింగాణీ కప్పులు ఎండుగడ్డిలో చుట్టి చెక్కపెట్టెలో ఉండేవి. "సొంతిల్లు కట్టుకున్నాక తీద్దాం" అనేది. నాన్న రిటైరయ్యాక బెజవాడలో ఇల్లు కట్టారు. రెండో ఏడు తిరక్కుండా అమ్మ పోయింది. కప్పులు పెట్టెలోనే ఉండిపోయాయి.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, దేన్నీ వాయిదా వెయ్యకండర్రా అని. ఆ రాత్రి మాత్రం ఇంకోటి తట్టింది. అమ్మ కప్పుల్ని వాయిదా వేసిందిగానీ, ముగ్గుని ఏనాడూ వాయిదా వెయ్యలేదు. ఎనిమిది నెలలున్న క్వార్టర్సులోనూ రోజూ కళ్ళాపి చల్లాల్సిందే, ముగ్గు పెట్టాల్సిందే. సామాను లారీకెక్కించే రోజున కూడా పెట్టింది. నాన్న నవ్వితే, "మనం వెళ్ళిపోతున్నామని గడపకేం తెలుసండీ?" అంది.

మన సుఖాన్ని వాయిదా వేసుకుంటే ఆ నష్టం మనదే. మన వంతు పనిని వాయిదా వేస్తే అది ఎక్కడికీ పోదు. మోకాలికి పట్టీ కట్టుకున్న ఇంకొకరి చేతికి వెళుతుంది. సోఫా కొనకపోవడానికి "వెళ్ళిపోయేవాళ్ళమేగా" అన్న మాట చాలు. మెట్లు తుడవకపోవడానికి ఎలా సరిపోతుంది? ఆ మెట్లెక్కేది ఇవాళేగా!

మా వారికి చెబితే, "ఉండబోని ఊరిమీద మమకారం పెంచుకుంటే వెళ్ళేటప్పుడు బాధపడేది నువ్వే" అన్నారు. నిజమే. అయితే ఊరు నన్ను మమకారం అడగలేదు. మెట్లు తుడవమని మాత్రమే అడిగింది.

తరవాతి వంతు వచ్చినప్పుడు పెద్దావిడ లేవకముందే నేను లేచాను. ఆవిడ తలుపు తీసి చూసి, లోపలికెళ్ళి ఒక మ్యాపు పట్టుకొచ్చింది. ఈ ఊరు చుట్టూ కొండలతో గిన్నెలా ఉంటుంది. ఒకప్పుడు ఈ వాలుల నిండా ద్రాక్షతోటలే. ఆ తోటల్లోకి వెళ్ళడానికి వేసిన మెట్లదారులు ఇప్పటికీ నాలుగు వందలకి పైగా ఉన్నాయి. వాటిల్లో తనకిష్టమైనవాటికి పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇచ్చింది.

ఇప్పుడు రోజుకో మెట్లదారి ఎక్కుతున్నాను, ఇంద్రకీలాద్రి ఎక్కినట్టు ఆయాసపడుతూ! మోకాళ్ళు మొరాయించిన రోజున 1884 నించీ నడుస్తున్న పళ్ళచక్రాల రైలెక్కి కొండమీది డెగర్లోఖ్‌కి వెళతాను. పైన నిలబడితే ఊరి మధ్యనే ద్రాక్షతోటలు కనిపిస్తాయి. దారి తప్పితే 1956లో ప్రారంభమైన టీవీ టవరు ఎటువైపుందో చూసుకుంటాను. మెట్లు తుడవక ముందు కూడా ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. నేనే తలుపు తీసి చూడలేదు.

మొన్న బెజవాడ ఫోన్ చేసి, "వదినా, అమ్మ కప్పులు బయటికి తియ్యండి" అన్నాను.

"అమ్మో, పిల్లలు పగలగొడితేనో?"

"పగలనీండి వదినా. కాఫీ తాగాక పగిలితే ఏం పోయింది?"

ఆ మాటకొస్తే, వెళ్ళిపోనివాళ్ళెవరు చెప్పండి?

ఈ వారం పలక మా తలుపుకుంది. మా వారు సణుక్కుంటూనే బకెట్టు తెచ్చారు. పోపులడబ్బా ఇంకా కొనలేదు, కొనను కూడా. హైదరాబాదు వెళ్ళగానే చెయ్యాల్సిన పని మాత్రం ఒకటుంది. వాచ్‌మన్ భార్యని పేరడగాలి. ఎలా అడగాలో తెలియడం లేదు, పదేళ్ళయిందిగా!