ఎండమావియు మరుగైన నీరును

ధ్యానభాగము: ఆదికాండము 21:14–19



మన తెలుగు బైబిలులో అరణ్యము అను మాట తరచుగా కనబడును. ఆ మాట వినగానే మనలో అనేకులకు నల్లమల వంటి అడవి మనస్సునకు వచ్చును. దట్టమైన చెట్లు, చల్లని నీడ, పారెడి వాగులు కన్నులయెదుట నిలుచును. అయితే హాగరు తన కుమారునితో తిరుగులాడిన అరణ్యము అట్టిది కాదు. మోషే వెంట ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు గడపినదియు అట్టిది కాదు. అది రాళ్లును, ఇసుకయు, అక్కడక్కడ ముండ్లపొదలును గల ఎండిన నేల. అట్టి నేల మన దేశములోనే రాజస్థానమున కలదు. దానికి థార్ ఎడారి అని పేరు.

ఒక కుటుంబము జోధ్‌పూరునుండి జైసల్మేరునకు కారులో బయలుదేరినదనుకొనుడి. తండ్రి, తల్లి, ఇద్దరు బిడ్డలు, ముసలి నాయనమ్మ. దూరము సుమారు 280 కిలోమీటర్లు. నడుమ పోఖరాన్ అను ఊరు తగులును. మన అనంతపురము జిల్లా వానలేమికి పేరుపడినది. అయినను అచ్చట ఏటికి సగటున 500 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. జైసల్మేరులో కురియునది అంతకంటె చాల తక్కువ. ఆ ప్రాంతమందలి ఫలోదీ పట్టణమున 2016 మే 19వ తేదీన వేడి 51 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరెను. కావున ఆ త్రోవన పోవువారు బయలుదేరకమునుపే నీళ్లు నింపుకొనవలెను. త్రోవలో చూచుకొందములే అనుకొనువానికి ఎడారి కఠినమైన గురువు.

మధ్యాహ్నమగుసరికి తారురోడ్డుమీద నీళ్లు నిలిచినట్లు కనబడును. “నాయనా, అదిగో చెరువు!” అని చిన్నవాడు కేకవేయును. కారు దగ్గరకు పోవుకొలది ఆ చెరువు ముందుముందుకే జరుగును. కాగిన నేలమీది వేడిగాలి వెలుతురును వంచుటచేత, ఆకాశపు కాంతియే నేలమీద నీరువలె అగుపడుచున్నది. దీనినే మనము ఎండమావి అందుము. దాని వెంట నూరు మైళ్లు పోయినను నాలుక తడుపుకొనుటకు ఒక చుక్క దొరకదు.

అదే దేశమున ఊళ్లదగ్గర, పొలములదగ్గర నేలకు కొంచెము ఎత్తుగా గుండ్రని కట్టడములు కనబడును. క్రొత్తవాడు వాటిని చూచియు చూడనట్లే దాటిపోవును. వాటిని అక్కడివారు టాంకా అందురు. నేలలో లోతుగా త్రవ్వి, లోపల గచ్చుచేసి, పైన కప్పు వేసిన నీటికొట్టు అది. చుట్టునున్న నేలను దానివైపు వాలుగా చదును చేయుదురు. ఏడాదికి కురిసెడి ఆ కొద్దిపాటి వానలు వాలుమీదుగా పారి, చిన్న కంతలగుండ లోనికి చేరును. ఎండాకాలమున ఇంటివారు త్రాగునది ఆ నీరే.

చూచితిరా ప్రియులారా! కనబడిన నీరు లేనే లేదు. ఉన్న నీరు కనబడలేదు.

హాగరు సంగతియు ఇట్టిదే. ఆమె యింటినుండి పంపివేయబడినది. భుజముమీద ఒక్క తిత్తెడు నీళ్లు, వెంట బిడ్డడు. తిత్తి ఖాళీయైనది. బిడ్డ చావు చూడలేక, వానిని పొదక్రింద విడిచి దూరముగా పోయి యేడ్చుచు కూర్చుండెను. దేవుడు ఆ చిన్నవాని మొర వినెను. ఆమెతో మాటలాడి, ఆమెకు చూపునిచ్చెను. అప్పుడు దగ్గరనే నీటి ఊట ఆమెకు కనబడినది. ఆకాశమునుండి వాన కురిసినదని వ్రాయబడలేదు. బండ పగిలినదని వ్రాయబడలేదు. కన్నీటితో మూసికొనిన కన్నులు తెరువబడినవి, అంతే. ఆమె ముందుగా ఏమి చేసెను? తిత్తి నింపి బిడ్డకు త్రాగించెను. నీళ్లు తక్కువైనప్పుడే కుటుంబము ఎట్టిదో తెలియును. ఒకరిముందర ఒకరు చెంబు లాగుకొను ఇల్లును కలదు; చిన్నవానికిని ముసలమ్మకును ముందుగా పోయు ఇల్లును కలదు.

మన గ్రామములలో ఎండమావులు లేవా? పెండ్లి ఆర్భాటమునకై వడ్డీకి తెచ్చిన అప్పు ఎండమావి. పగటి అలసటను మాన్పునని సాయంకాలమున త్రాగు సారా ఎండమావి. పొరుగువాని మేడను చూచి పెట్టుకొనిన పంతము ఎండమావి. ఇవి దూరమునుండి తళతళలాడును. దగ్గరకు పోగా ఇసుకయే. ఇంతలో ఇంటిప్రక్కనున్న ఊటను మరచితిమి. పరిశుద్ధ గ్రంథము గూటిలో దుమ్ముపట్టియున్నది. భార్యాభర్తలు కలిసి మోకరించి యెన్నాళ్లాయెను?

టాంకా విషయమై మరియొక మాట కలదు. వానలు రాకమునుపే ఆ వాలునేలను ఊడ్చి శుభ్రము చేయుదురు. పశువులను దానిమీదికి పోనియ్యరు. వాన అందరిమీదను సమానముగానే కురియును. అయితే నేల మురికిగానుంటే లోనికి పోవునది మురికినీరే. దేవుని కృపయు అట్లే వచ్చును. సహోదరునిమీద పగ నిండియున్న హృదయములో వాక్యపు వాన కురిసిన యెడల, ఆ వాక్యమునే ఎదుటివానిని గాయపరచుటకు వాడుదుము. కావున ఆదివారము రాకమునుపు, శనివారము సాయంకాలమే వాకిలి ఊడ్చినట్లు మనస్సును ఊడ్చుకొనుడి. మాటలులేని అన్నదమ్ముడు ఎవడైనను ఉన్నయెడల ఆ రాత్రియే వాని గడప త్రొక్కుడి.

ఆ ఎడారిలో మనకు చుట్టమువంటి చెట్టొకటి కలదు. వారు దానిని ఖేజ్రీ అందురు. అది మన జమ్మిచెట్టే. రాజస్థానమునకును తెలంగాణమునకును అదే రాష్ట్రవృక్షము. దాని కాయలు కూరకు, ఆకులు మేకలకును ఒంటెలకును మేతకు పనికివచ్చును. 1730లో జోధ్‌పూరు దగ్గరనున్న ఖేజర్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నరుకవచ్చినప్పుడు, అమృతాదేవి అను స్త్రీ చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచెను. ఆమెతోకూడ బిష్ణోయి మతస్థులు 363 మంది హతులైరని చెప్పుదురు. చెట్టును కాపాడుట వారి ధర్మము. ఎడారిలో నీడ విలువ వారికి తెలియును.

మండుటెండలో ఆ చెట్టు పచ్చగానుండుటకు కారణము పైన లేదు. చాల లోతునకు దిగిన దాని వేరులో ఉన్నది. దేవుని నమ్ముకొనువానిని ప్రవక్తయైన యిర్మీయా, నీటివైపు వేళ్లు చాచిన చెట్టుతో పోల్చెను (17వ అధ్యాయము). మన కుటుంబములలో అట్టి వేరు ఎవరు? తరచుగా ఆ కారు మూలన మౌనముగా కూర్చున్న నాయనమ్మయే. ఆమె తెల్లవారుజామున చేసిన ప్రార్థనలమీద ఆ యిల్లు నిలిచియున్నది. అట్టి ముసలితల్లి మంచము పశువుల కొట్టములోనికి చేరిన ఇల్లు మన సంఘములో ఉన్నయెడల, అది తన వేరును తానే నరుకుకొనుచున్నది.

కడపట, కాలువ మాట. సత్లజ్, బియాస్ నదులు కలిసెడి పంజాబులోని హరికే దగ్గరనుండి ఎడారిలోనికి ఒక కాలువ వచ్చుచున్నది. దాని పని 1958లో ఆరంభమాయెను. మొదట దానిని రాజస్థాన్ కాలువ అనిరి. ఇప్పుడు ఇందిరా గాంధీ కాలువ అని పిలుచుచున్నారు. హిమాలయముల నీరు 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి జైసల్మేరు సీమకు చేరి, ఇసుకలో గోధుమయు ఆవయు పండించుచున్నది. ఇసుక తనకు తాను నీటిని పుట్టించుకొనలేదు. దూరమునుండి ప్రయాసతో తెచ్చి ఇయ్యబడెను. మన రక్షణయు అట్టిదే. అయితే ఒక హెచ్చరిక! కొన్నిచోట్ల రైతులు మితిమీరి నీరు పెట్టగా, నీరు నేలలో నిలిచి, ఉప్పు పైకి తేలి, పొలములు చవుడుబారెను. కరవులో దేవుని వెదకి, కడుపు నిండినప్పుడు ఆయనను మరచువారిని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయము ముందుగానే హెచ్చరించుచున్నది. లేమి చెరుపని కుటుంబములను కలిమి చెరిపిన సంగతి మీలో అనేకులెరుగుదురు.

ఎడారి త్రోవలలో బాటసారులకొరకు కుండలలో నీళ్లుంచుదురు. అవి మన చలివేంద్రముల వంటివే. శిష్యునికిచ్చిన గిన్నెడు చన్నీళ్లను సహితము ప్రభువు మరువడు. ఈ వేసవిలో మీ వాకిట ఒక కుండ పెట్టుడి, కులమేదని అడుగకుడి. ఈ రాత్రి భోజనమునకు ముందు ఇంటివారందరు కూడి, ఆదికాండము 21వ అధ్యాయము చదివి, ముసలివారిచేత ప్రార్థన చేయించుకొనుడి.

ప్రభువా, మా కన్నులు తెరువుము. లేని నీటివెంట పరుగెత్తకుండ మమ్మును ఆపుము. నీవు మా ప్రక్కనే ఉంచిన ఊటను మాకు చూపుము. మా బిడ్డలకు ముందుగా త్రాగించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.