యాజమాన్యము - ఔచిత్యము

ఒక వస్తువు నాది యైనంత మాత్రమున దానిని నా యిచ్చవచ్చినట్లు మార్చుకొను హక్కు నాకు సంపూర్ణముగా లభించునా? లేక ఆ వస్తువునకు తనదైన స్వభావమొకటి యుండి, దానిని మన్నింపవలసిన బాధ్యత నాపై నుండునా? ఈ ప్రశ్న పైకి వేదాంతమువలె కనబడును గాని మన యిండ్లలో నిత్యము తలయెత్తుచునే యుండును. నాయనమ్మ కాసులపేరునకు మెరుగు పెట్టించుట యొకటి. దానిని కరిగించి నేటి మోస్తరు గొలుసు చేయించుట మరియొకటి. రెండింటికిని బంగారమొక్కటే, కంసాలియు నొక్కడే. మొదటిదానికి ఇంటిలో నెవరును మాటాడరు. రెండవదానికి ముసలివారి కన్నులు చెమర్చును. ఎందులకు?

ఈ విషయమును నగలను బట్టి గాక ఒక మోటారు కారును బట్టి విచారింపదలచితిని. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపి, సైకిలు తప్ప మరియొక వాహనము నడుపనివానికి కార్ల ప్రసక్తి యేలయని సోదరులు నవ్వవచ్చును. నడుపువానికి దారిమీదనే చూపు. ప్రక్కన గూర్చుండువానికి ఆలోచించుటకు తీరిక యుండును.

ఐరోపాలో హాట్ హ్యాచ్‌బ్యాక్ అను నొక జాతి కార్లు గలవు. వెనుక తలుపు పైకి లేచు చిన్న కుటుంబపు బండియే, కాని లోపలి ఇంజను మాత్రము బలిష్ఠము. వీనిలో పేరు పొందినది వోక్స్‌వాగన్ వారి గోల్ఫ్ జి.టి.ఐ. దీనిని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున చూపి, 1976లో విక్రయమునకు తెచ్చిరి. 5,000 బండ్లు అమ్ముడుపోయిన చాలునని కంపెనీవారు మొదట తలచిరట. ఆ తొలి తరము ముగియునప్పటికి 4 లక్షల 60 వేలకు పైగా తయారైనవి. 1.6 లీటర్ల ఇంజను, 110 అశ్వశక్తి, గంటకు 182 కిలోమీటర్ల వేగము. ఇంతటి శక్తికి పైకి కనబడు గుర్తేమి? ముందరి జాలీ చుట్టును ఒక సన్నని ఎఱ్ఱ గీత. లోపల గళ్ళబట్ట సీట్లు, గేరుకఱ్ఱకు గోల్ఫు బంతివంటి పిడి. ఆ గళ్ళబట్టను, ఆ పిడిని ఊహించినది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అను మహిళ. పిల్లలను బడికి చేర్చు బండియే అది. అవసరమైనపుడు గాని దాని సత్తా తెలియదు. పూర్వము మన యూళ్ళలో ముతక పంచె కట్టి అరుగుమీద గూర్చుండి, ఎవరైన కదిపినపుడు మాత్రమే శాస్త్రము విప్పు పండితులుండెడివారు. ఈ జాతి కారు నాకు వారిని తలపించును.

మా మేనల్లుడు బెంగుళూరులో నివసించుచున్నాడు. వానియొద్ద 2002 నాటి ఫియట్ పాలియో 1.6 కలదు. ఫియట్ వారు పాలియోను మన దేశమున 2001లో విడుదల చేసిరి. బొంబాయి కుర్లా కర్మాగారమున తయారయ్యెడిది. ప్రీమియర్ పద్మినులు పుట్టిన తావు కూడ అదియే. (బొంబాయి సోదరులకు ఆ నలుపు పసుపు టాక్సీలను గూర్చి నేను చెప్పనక్కరలేదు, 2023 అక్టోబరుతో వాని శకము ముగిసినది.) పదునారు కవాటముల ఇంజను, సుమారు 100 అశ్వశక్తి, పెట్రోలు త్రాగుటలో మిక్కిలి ఉదారస్వభావము. ఇక దాని రంగు పసుపు. నిమ్మపండు కాదు, చామంతి కాదు, ఆవచేను పూసినట్టి పసుపు. తెలుపు, వెండి వన్నెల ప్రవాహములో ఆ రంగు పాలియోను నేనింతవరకు రెండవదానిని చూడలేదు.

కొన్న వారమునకే సలహాదారులు చుట్టుముట్టిరి. ఒకడు నల్లని చక్రములు వేయుమనెను. ఒకడు వెనుక రెక్క అమర్చుమనెను. ఒకడు పొగగొట్టము మార్చినచో సింహగర్జన వచ్చుననెను. వీరికి ప్రతిపక్షముగా స్వచ్ఛతావాదులు కొందరు ఒక్క మర కూడ కదపరాదని శాసించిరి. నాకీ రెండు పక్షములును రుచింపలేదు. మార్పే కూడదన్నచో ఇరువది యేండ్ల నాటి రబ్బరు గొట్టములతో, గట్టిపడిన టైర్లతో కుటుంబమును వీథిలోనికి తీసికొనిపోవలెను. అది భక్తి కాదు, ప్రమాదము. ఇక అలంకరణ మాట. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని వాదించుచు, వడ్డాణమును మెడలోను హారమును నడుమునను ధరించినవారు నవ్వులపాలగుదురని చెప్పెను. వడ్డాణము మంచిదే, హారమును మంచిదే, చోటు తప్పినది. పందెపు బండికి రెక్క యెందులకో నాకు తెలియును: మహావేగమున గాలి బండిని నేలకు అదిమిపట్టుటకు. సిల్క్ బోర్డు కూడలిలో గంటకు పది కిలోమీటర్ల వేగమున కదలు బండికి ఆ రెక్క మెడలోని వడ్డాణమే.

పొగగొట్టము విషయమున మాకు స్వల్పముగా వాదము జరిగినది.

"మామయ్యా, కారు నాది, డబ్బు నాది. మధ్యలో లోకమెందుకు?" అనెను.

"చప్పుడు కూడా నీదేనటరా? అది పక్కింటి పసిపాప నిద్రలోకి పోతే దాన్ని ఎవరి ఖాతాలో వ్రాయమంటావు?" అంటిని.

వాడు నవ్వెను గాని, పాత పొగగొట్టమునే ఉంచెను. యాజమాన్యమునకు మొదటి హద్దు ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము. సీటుబట్ట నా కన్నులకు మాత్రమే. కాని కన్నులు చెదరు దీపము ఎదుటివాని చూపునకు, గర్జన వీథిలోని యందరి చెవులకు, అతివేగము దారి దాటు వృద్ధుని ప్రాణమునకు సంబంధించినవి. చట్టము ఇంకను ముందునకు పోయినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన మూలస్వరూపమునకు భిన్నముగా వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. బండి రంగు కూడ రిజిస్ట్రేషను పత్రమున నమోదై యుండును. గుమాస్తాగా నేనీ కట్టుబాటును మెచ్చుకొందును. కాగితమునకు వస్తువునకు పొంతన లేనినాడు రెండింటికిని విలువ లేదు.

అరుదైన వస్తువు కలవానికి మరియొక పరీక్ష యుండును. 1993లో రెనో వారు క్లియో విలియమ్స్ అను కారును నీలివన్నెతో, బంగారు వన్నె చక్రములతో తెచ్చిరి. 3,800 బండ్లకు సంఖ్యాఫలకములు బిగించి అమ్మిరి. గిరాకి పెరిగినది, కంపెనీవారు రెండవ విడత, మూడవ విడత తయారుచేసి మొత్తము 12 వేలు దాటించిరి. మొదట కొన్నవారు మండిపడిరి. మాట తప్పుట తప్పే, సందేహము లేదు. కాని ఆలోచింపుడు: వారి ఇంజనులో ఒక్క గుఱ్ఱము తగ్గినదా? నీలివన్నె వెలసినదా? వస్తువు వస్తువుగానే యుండగా దుఃఖమెందులకు? ఇతరులకు లేదన్న సంతోషమును కూడ వారు ధరలో కలిపి కొని యుండిరి. పోయినది ఆ భాగమే. మా మేనల్లుని పసుపు కారుకు వీథిలో పిల్లలు చేతులూపుదురు. ఆ ఆనందము నిర్దోషము. రేపు అట్టి పసుపు కార్లు పది వచ్చినను వాడు దీనిని తుడిచి, కడిగి, ప్రేమించునా యన్నదే నా సందేహము. అందులకు సమాధానము వానికే తెలియవలెను.

ఇంతలో ఒక చిక్కు వచ్చిపడినది. గత సంవత్సరము ఒక ఆటో తగిలి ఎడమ తలుపు నొక్కుకొనిపోయినది. 2020 నాటికే ఫియట్ పేరుతో కార్ల విక్రయము మన దేశమున నిలిచిపోయియుండుటచే, వెదకి వెదకి పాత సామానుల అంగడిలో తలుపు సంపాదించిరి. రంగు వేయువాడు కంపెనీ సంఖ్యను బట్టి అచ్చముగా అదే పసుపు కలిపి నమూనా రేకుపై పూసి చూపెను. బండి ప్రక్కన పెట్టగా రెండును వేరు వేరు రంగులు! ఇరువది యేండ్ల యెండకు బండి పసుపు మెత్తబడినది, క్రొత్తది మాత్రము కన్ను పొడుచుచున్నది. ఇప్పుడు అసలు రంగేది? పుస్తకములోనిదా, బండిమీదిదా? 1995లో వోక్స్‌వాగన్ వారు పోలో హార్లెకిన్ అని ఒక్కొక్క రేకు ఒక్కొక్క రంగుగా నాలుగు రంగుల బండిని అమ్మిరి. రేకులు బండ్ల నడుమ మార్చి బిగించినను, కప్పును చూచి దాని పుట్టుక రంగు చెప్పవచ్చును. మన బండికి ఆ సౌలభ్యము లేదు. కప్పే అన్నిటికంటె ఎక్కువగా వెలసినది.

ఇది కారు మాట మాత్రమే యని నేను అనుకొనలేకపోతిని. మన కుటుంబములు తరతరములుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ నేలల యెండలో నున్నవి. హొసూరు ప్రక్కల మన యింటి పెద్దలు "వస్తా ఉండాడు" అందురు. ఆ మధ్య బడిపుస్తకపు తెలుగు నేర్చిన ఒక మనుమరాలు బంధువులయెదుట నాయనమ్మను ఆపి, "వస్తున్నాడు అనాలి" అని దిద్దెను. అందరు మెచ్చుకొనిరి. ఆ ముసలమ్మ ఆ సాయంకాలమంతయు మరి నోరు విప్పలేదు. పిల్ల నేర్చినది మంచి తెలుగే, కంపెనీ సంఖ్య ప్రకారము కలిపిన పసుపే. అయినను ఆ తలుపునకు సరిపోవుటకై బండినంతయు గీకి క్రొత్తరంగు పూయుట న్యాయమని నాకు తోచదు. రంగు పనివారు దీనికొక ఉపాయము నెరుగుదురు: క్రొత్తదానిని పాతదాని ఛాయకు దగ్గరగా కలిపి, అంచున నిలిపివేయక ప్రక్క రేకుమీదికి లేతలేతగా వ్యాపింపజేయుదురు. గీత యెచ్చటనో కన్ను పోల్చుకొనలేదు. దీనికి కూలి యెక్కువ, ఓపిక మరియు నెక్కువ.

ఆలయములకు జీర్ణోద్ధారణము చేయునపుడు ముందుగా దేవుని కళలను కలశమునకు ఆవాహనచేసి బాలాలయమున నిలిపి, తరువాతనే రాతిపని మొదలిడుదురు. ప్రాణమెచ్చట నున్నదో తెలిసికొని దానిని భద్రపరచిన పిమ్మటనే ఉలి పట్టవలెనని నేను దీనికి అర్థము చెప్పుకొందును. మావాడు ఇంతవరకు టైర్లు మార్చెను, గళ్ళబట్టతో సీట్లు కుట్టించెను, స్టీరింగు చక్రమునకు తోలు కుట్టించెను. తీసిన పాత సీటుబట్టను, చిన్న మరలను సైతము గుడ్డలో చుట్టి చీటీలు కట్టి అటకపై నుంచినాడు. ఒక పుస్తకములో తేది, చేసిన పని, చేసినవాని పేరు, ఇచ్చిన సొమ్ము గడులు గీసి వ్రాయుచున్నాడు. నేను చూచి ఐదవ గడి యొకటి గీయించితిని: తీసిన వస్తువు ఎచ్చట నున్నది. తలుపు పద్దు మాత్రమింకను ఖాళీగానే యున్నది. రంగు పనివాడు వానలు వెనుకబట్టిన తరువాత రమ్మన్నాడు.