కుశలప్రశ్నము - ప్రత్యుత్తరము

ఇద్దరు కలసికొన్నప్పుడు మొట్టమొదట పుట్టు మాట కుశలప్రశ్నము. దీనిని మన పెద్దలు కేవలము లోకమర్యాదకు విడిచిపెట్టక ధర్మశాస్త్రములోనే చేర్చిరి. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున, ఎదుటివానిని బట్టి కుశలము, అనామయము, క్షేమము, ఆరోగ్యము అను నాలుగు మాటలలో తగినదానితో పలుకరింపవలెనని విధి కలదు. ఆమయమనగా వ్యాధి. అనామయమా అని అడుగువాడు ‘నీకు రోగబాధ లేదు గదా’ అని సూటిగానే అడుగుచున్నాడు. ఇక కుశలశబ్దమునకు చెప్పు వ్యుత్పత్తి చిత్రమైనది. కుశలను, అనగా దర్భలను, చేయి తెగకుండ కోసి తేగలవాడు కుశలుడు. దర్భ అంచు ఎంత పదునైనదో కోసినవారికి తెలియును. సంసారమను దర్భదుబ్బులో చేయి తెగకుండ మసలుచున్నావా అని ఆ ప్రశ్నకు భావమని మా గురువుగారు చెప్పెడివారు.

అడుగుటకు విధి ఉన్నది, సరే. బదులు చెప్పుటకు విధి యేమి? ఇంట వ్యాధి ఉండగా ప్రాణమిత్రుడు ‘అందరు బాగున్నారా’ అని అడిగినప్పుడు ‘బాగున్నాము’ అనుట మర్యాదయా, అసత్యమా? ఈ సందేహము నాకు గ్రంథములలో పుట్టినది కాదు. కౌతాళములో, జొన్నరొట్టె తినుచుండగా పుట్టినది.

2024వ సంవత్సరము శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు వెళ్లితిని. లక్ష్మీనరసింహస్వామిని ఆ ప్రాంతమువారు ఈరన్న అని నోరార పిలుచుకొందురు. ఉరుకుంద కౌతాళం మండలములోనిదే. శ్రావణమందు అచట తెలుగేదో కన్నడమేదో తెలియనంతగా రెండు భాషలును కలసిపోవును. ఉదయము దర్శనము చేసికొని మధ్యాహ్నమునకు కౌతాళము చేరితిని. అచట నా సహాధ్యాయి ఒకడున్నాడు. పాఠశాలలో ఇద్దరికిని కలిపి ఒకే చాప, ఒకే సిద్ధాంతకౌముది. అందులో సంధిప్రకరణము పుటలకు అంటిన నూనెమరక అతనిదా నాదా అను వివాదము నేటికిని తేలలేదు. చదువు ముగిసిన పిదప అతడు తండ్రినాటి పొలము చూచుకొనుచు ఊరనే నిలిచెను. నేను బడులలో సంస్కృతము చెప్పుకొని, విరమణానంతరము కర్నూలులో స్థిరపడితిని.

అప్పటికి ఐదు మాసములనుండి నా ధర్మపత్నికి మూత్రపిండములు పనిచేయుట మానినవి. వారమునకు రెండుమార్లు డయాలిసిస్ చేయించవలసి వచ్చుచుండెను. ఆనాడు ఆమెకు విరామదినము. కుమార్తె తోడుగా ఉన్నది. బయలుదేరునప్పుడు ఆమె ఒక రవికెగుడ్డలో పసుపు, కుంకుమ పొట్లములు కట్టి నా చేతికిచ్చి, “అక్కకు ఇవ్వండి. ఈసారి నేనెందుకు రాలేదో కూడ చెప్పండి” అన్నది. ఈ రెండవ వాక్యమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. నేను గుర్తుంచుకొనలేదు.

“ఏమప్పా, ఇన్నాళ్లకు దోవ తెలిసిందా?” అనుచు మిత్రుడు ఎదురు వచ్చెను. అరుగుమీద కూర్చుంటిమి. ఆ సంవత్సరము ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయిన సంగతి అందరెరిగినదే. 1953లో నీరు విడిచిన నాటినుండి దిగువ కాలువను నమ్ముకొని బ్రతుకు ఆ పడమటి పల్లెలవారికి అది గేటు కాదు, గుండె. “నిండిన జలాశయం కండ్లముందర ఖాళీ అయితాంటే, ఇంట్లో ఎవరో పోయినట్ల కూర్చుంటిమప్పా” అన్నాడు. తాత్కాలికముగా మరియొక తలుపు అమర్చినారని తెలిసిన పిమ్మటనే ఊరు ఊపిరి పీల్చినదట. పత్తికి గులాబిరంగు పురుగు, బెంగళూరులో కుమారుని అద్దె ఇల్లు, మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయి పండుగకైనను రాని ఇరుగుపొరుగులు, ఇట్లు సాగినది సంభాషణము. అప్పుడే లోపలినుండి రొట్టె తట్టు చప్పుడు వినవచ్చినది.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు, చెనిక్కాయల పొడి, గడ్డపెరుగు. వదినె రొట్టెలు కాల్చుచు పొయ్యిదగ్గరనుండియే అడిగినది: “చెల్లెలు రాలేదేమి? బాగుందా?”

“బాగున్నది” అంటిని.

ఎందుకు అట్లంటిని? ఆ క్షణమున నాకు తోచిన సమాధానము శాస్త్రీయముగానే ఉండెను. సత్యము చెప్పవలెను గాని అప్రియమైన సత్యము చెప్పరాదని మనువు వచించెను గదా! వారి కష్టములు వారికున్నవి. పొయ్యిముందు కూర్చున్న ఇల్లాలి ముఖము వాడిపోవుట చూడలేను. శ్రావణమాసము, స్వామిదర్శనము చేసికొని వచ్చిన దినము. ఇట్లు నాకు నేనే భాష్యము చెప్పుకొని రెండవ రొట్టె వేయించుకొంటిని. అదే శ్లోకము ప్రియమైనను అసత్యము పలుకరాదని కూడ చెప్పుచున్నది. నలుబది యేండ్లు ఆ శ్లోకమును పిల్లలకు వల్లెవేయించినవాడను, అవసరము వచ్చినప్పుడు సగము వద్దనే ఆగితిని.

రాత్రి ఇల్లు చేరితిని. ఆమె మేలుకొనియే ఉన్నది. “చెప్పినారా? అక్క ఏమన్నది?”

“సమయము కుదరలేదు” అంటిని. ఇది రెండవది. ఆమె మారు మాటాడలేదు. గోడవైపు తిరిగి పండుకొన్నది. నేను కౌతాళమునుండి ప్రసాదము తెచ్చితిని గాని, ఆమె దినమంతయు ఎదురుచూచినది మరియొక ఇల్లాలి నోట రావలసిన ఒక మాటకొరకని అప్పుడు తెలిసినది. మిత్రుని దుఃఖపెట్టరాదని నేను దాచితిని. కాని ఆ దాచినది నా సొత్తా? వ్యాధి ఆమెది. దానిని చెప్పుకొను హక్కును ఆమెదే. ‘చెప్పవద్దు’ అని రోగి కోరిన సందర్భము వేరు. అప్పుడు మౌనము పరరహస్యరక్షణమగును. ఇచ్చట చెప్పుమని పంపిన సందేశమును దూత మధ్యదారిలో మ్రింగివేసెను. హనుమంతుడు ఇట్లు చేసియుండిన రామాయణము సుందరకాండముతోనే ముగిసెడిది!

కొన్ని దినములు కుచేలోపాఖ్యానమును నాకు సాక్ష్యముగా తెచ్చుకొంటిని. ఆయన ద్వారకకు పోయి శ్రీకృష్ణుని పానుపుపై కూర్చుండి, సాందీపనివద్ద చదివిన నాటి ముచ్చట్లు, కట్టెలకు పోయి వానలో చిక్కుకొన్న రాత్రి, అన్నియు చెప్పుకొనెను గాని ఇంట పిల్లల ఆకలిమాట ఎత్తలేదు. ఇల్లాలు ఆ పనికే పంపినను ఎత్తలేదు. నేనును అట్లే గదా అని తృప్తిపడితిని. ఆ తృప్తి నిలువలేదు. కుచేలుడు లేమిని చెప్పలేదు గాని కలిమిని కల్పించి చెప్పనూ లేదు. అంతకన్న ముఖ్యమైనది, ఎదుట కూర్చున్నవాడు సర్వాంతర్యామి. అటుకుల మూటను సిగ్గుతో దాచికొన్నను లాగికొని తినినవాడు; అడుగకయే ఇచ్చినవాడు. భగవంతునిముందు మౌనము చెల్లును. కౌతాళములోని నా మిత్రుడు అంతర్యామి కాడు. పాపము, వాడు మనుష్యుడు. చెప్పనిది వానికెట్లు తెలియును?

మనుష్యుల మైత్రికి ప్రమాణము వేరొకచోట దొరకినది. అదియు మన తుంగభద్ర ఒడ్డుననే. కిష్కింధ యని చెప్పు ఆనెగొంది, హంపి ప్రాంతములు కౌతాళమునకు ఎగువన, ఆ నదిమీదనే ఉన్నవి. అచట శ్రీరాముడును సుగ్రీవుడును అగ్నిసాక్షిగా చెలిమి చేసికొనిరి. ఆ చెలిమిలో వారు ఇచ్చిపుచ్చుకొన్న మొదటి ధనమేమి? ఒకరి దుఃఖము మరొకరికి చెప్పుట. జానకిని కోల్పోయిన వార్త సుగ్రీవుని చెవిని పడినది గనుకనే, ఆకాశమార్గమునుండి ఒక స్త్రీ జారవిడిచిన నగల మూట తనవద్ద ఉన్నదని అతడు చెప్పగలిగెను. గుహలోనికి పోయి దానిని తేగలిగెను. రాముడు చక్రవర్తి కుమారుడు. పరాయి దేశమున తన కష్టము చెప్పికొనుట చిన్నతనమని మౌనము వహించియుండిన ఆ మూట ఆ గుహలోనే ఉండిపోయెడిది. ఎవరి గుహలో మనకొరకు ఏ మూట దాగియున్నదో మనకేమి తెలియును?

అప్రియసత్యమను వాదమునకును రామాయణముననే బదులున్నది. చిత్రకూటమున రాముడు భరతుని చూచి తండ్రి కుశలము, తల్లుల కుశలము, రాజ్యక్షేమము వరుసగా అడుగును. ఆ ప్రశ్నల పరంపర చదువునప్పుడెల్ల భరతుని గొంతులో ఉన్నదేమో తలచుకొని నాకు గుండె బరువెక్కును. దశరథుడు గతించెనని చెప్పవలసినవాడు ఆయనే. చెప్పెను. రాముడు మూర్ఛిల్లెను. అంతకన్న అప్రియమైన మాట ఏది? అయినను ఆ మాట చెప్పబట్టియే రాముడు మందాకినిలో తండ్రికి ఉదకము విడిచి, అడవిలో దొరకిన గారపిండితోనే పిండము పెట్టగలిగెను. ప్రియమను పేర సత్యమును ఆపినవాడు ఎదుటివాని కర్తవ్యమును గూడ ఆపుచున్నాడు.

బస్సులో ప్రక్కన కూర్చున్నవానికి రక్తపరీక్షల అంకెలన్నియు అప్పగించువారు కలరు. వారిని నేను సమర్థించుట లేదు. మైత్రికి లక్షణములు ఆరని పంచతంత్రమున కలదు. వైష్ణవాచార్యులగు రూపగోస్వామివారును తమ ఉపదేశామృతమున వానినే గ్రహించిరి. ఇచ్చుట, పుచ్చుకొనుట; అంతరంగమును చెప్పుట, అడుగుట; తినుట, తినిపించుట. ఇవి జంటలు. ఆనాడు కౌతాళములో పసుపుకుంకుమలు ఇచ్చితిని, వారిచ్చిన పండ్లు పుచ్చుకొంటిని. తింటిని, వారు తినిపించిరి. వారు అంతరంగమును అడిగిరి. చెప్పుట ఒక్కటియే మిగిలెను.

ఇరువది దినములు గడచినవి. ఆదోనిలోని బంధువులద్వారా సంగతి తెలిసి, దంపతులిద్దరును తెల్లవారు బస్సుకు కర్నూలు వచ్చిరి. వదినె తిన్నగా లోపలికి పోయినది. మిత్రుడు అరుగుమీదనే నిలిచి, “నా ఇంట్ల రొట్టె తింటివి గదప్పా. మాట మటుకు కడుపులో పెట్టుకొని పోతివే” అన్నాడు. ఆ తరువాత చాలసేపు మాటాడలేదు. కాశికావృత్తినుండి ఒక్క వాక్యమైనను నాకు సహాయమునకు రాలేదు.

అప్పుడు తెలిసినది గుహలోని మూట సంగతి. వదినె తన అన్నగారికి ఇదే వ్యాధి వచ్చినప్పుడు నాలుగేండ్లు వంట చేసిపెట్టినదట. ఉప్పు తగ్గించుమని, నీరు కొలిచి త్రాగుమని, పొటాషియము గల పదార్థములు వలదని వైద్యులు మాకును చెప్పియే ఉండిరి. కాని ఆ మాటను పొయ్యిమీదికి ఎట్లు తేవలెనో మా ఇంట ఎవరికిని చేతగాలేదు. వదినె కూరగాయలను సన్నగా తరిగి, మిక్కిలి నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి, తరువాత తిరుగబోత పెట్టి చూపినది. దినమునకు వైద్యుడు అనుమతించిన నీటిని ఉదయముననే ఒక చెంబులో పోసి ప్రక్కన పెట్టినది. ఏది త్రాగినను అందులోనుండియే. దేవాలయమునుండి వచ్చు కొబ్బరినీరు, అరటిపండు ఈ రోగులకు కూడనివి. వానిని త్రోసివేయుట ఎట్లని నా పత్ని ఎంతో మథనపడుచుండెడిది. “కండ్లకద్దుకొని నాకియ్యి చెల్లీ, నీ పాలు నేను తింటా. స్వామికి లెక్క తెలుసు” అన్నది వదినె. లోపల ఇద్దరును నవ్విన చప్పుడు వినవచ్చినది. ఆ ఇంట ఆ చప్పుడు విని అప్పటికి ఆరు మాసములైనది.

2025 శ్రావణమున మరల ఉరుకుంద వెళ్లితిని. కౌతాళములో మిత్రుడు వాకిటనే నిలిచి, కాళ్లకు నీళ్లిచ్చుచు, “చెల్లెలు ఎట్లుందప్పా?” అని అడిగెను.

“వారమునకు మూడుమార్లు అయినది” అంటిని. “నిద్ర తక్కువ. అక్కను చూడవలెనని అడుగుచున్నది.”

అతడు చెంబు క్రింద పెట్టి లోపలికి కేక వేసెను: “రొట్టెలు నాలుగెక్కువ తట్టు. మనం కూడ పోతాండాం.”