దేశకాలాలు పుట్టుకొచ్చినవైతే

వైశేషికులు కాలాన్నీ దిక్కునూ తొమ్మిది ద్రవ్యాలలో చేర్చారు. నేటి భౌతికశాస్త్రజ్ఞులలో కొందరు అవి మూలతత్త్వాలే కావనీ, గురుత్వాకర్షణతో సహా క్వాంటం సంబంధాలలోంచి పుట్టుకొచ్చినవనీ వాదిస్తున్నారు. ఈ మాట చెవిన పడగానే భావవాదులకు పండుగ: జగత్తు మిథ్య అని సైన్సే ఒప్పుకున్నదట! మనలో కొందరేమో వినకుండానే కొట్టిపారేస్తున్నారు. రెండూ తొందరపాటే.

కృష్ణబిలపు ఎంట్రోపీ దాని ఘనపరిమాణాన్ని బట్టి గాక ఉపరితల వైశాల్యాన్ని బట్టి పెరుగుతుందని 1972లో బెకెన్‌స్టీన్ ప్రతిపాదించాడు. రెండేళ్లకు హాకింగ్ గణితం దానిని బలపరచింది. గురుత్వం వున్న ఒకానొక విశ్వమూ, దాని సరిహద్దు మీద గురుత్వం లేని క్వాంటం వ్యవస్థా సమానమేనని 1997లో మాల్డసీనా అన్నాడు. 2010లో వాన్ రామ్స్‌డాంక్ మరొక అడుగు వేశాడు. ఆ సరిహద్దులోని రెండు భాగాల నడుమ క్వాంటం పెనవేతను తగ్గిస్తూ పోతే, లోపలి దేశం సాగి, సన్నగిలి, చివరకు రెండుగా తెగిపోతుంది. అనగా దగ్గర, దూరం అనేవి సంబంధాల గాఢతకు మరో పేరన్నమాట.

దేశకాలాలు మనసు అల్లిన క్రమాలు కావనీ, వస్తుగత వాస్తవాలనీ లెనిన్ 1909 నాటి గ్రంథంలో మాక్‌ను ఖండిస్తూ వాదించాడు. ఆ వాదానికిప్పుడు భంగం వచ్చిందా? రాలేదనే నా అభిప్రాయం. ఒంటరి అణువుకు ఉష్ణోగ్రత లేదు. కోట్లాది అణువుల గుంపుకు వుంది. అంతమాత్రాన జ్వరంతో పడివున్నవాడికి వేడి మిథ్య అని ఎవరు చెప్పగలరు? పుట్టుకొచ్చినది వేరు, కల్పించుకున్నది వేరు. లెనిన్ పట్టుపట్టింది మనసుతో నిమిత్తం లేని వాస్తవికత కోసం. పదార్థం ఫలానా రూపంలోనే వుండితీరాలని కాదు. ఆయన వాక్యాలు వల్లెవేసేవారే ఈ సంగతి మరిచిపోతుంటారు.

అయితే కాలం దగ్గరకు వచ్చేసరికి ఈ పోలిక కుంటుతుంది. అణువులు కదిలేది కాలంలోనే గదా! ‘పుట్టుకొచ్చింది’ అన్న క్రియలోనే కాలం దాగి వుంది. మాల్డసీనా లెక్కలో సైతం సరిహద్దుకు కాలం ముందే వుంది. కొత్తగా పుట్టేది దేశమే. పైగా ఆ విశ్వం మనది కాదు. మన విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటున్నదని 1998లో తేలింది.

1983లో పేజ్, వూటర్స్ అనే ఇద్దరు కాలాన్ని కూడా పెనవేతలోంచే రాబట్టే మార్గం చూపారు. మొత్తం వ్యవస్థ నిశ్చలం. అందులో ఒక భాగాన్ని గడియారంగా తీసుకుంటే, దానితో పోల్చినప్పుడు మిగిలిన భాగం మారుతూ వుంటుంది. చలనమే మూలమనే గతితర్కానికి అసలు సవాలు ఇదీ. దేశం మీద భావవాదులు చేసే దాడికి జవాబు వుంది గాని, అడుగున కదలని మొత్తం ఒకటి వున్నదంటే ఏంగెల్స్ పుటలు తిరగేసినంత మాత్రాన సరిపోదు. గడియారానికీ మిగిలినదానికీ నడుమ గల ఆ సంబంధాన్నే చలనం అనవచ్చునా అన్నది ఇంకా తేలవలసి వుంది.